పైడితల్లి పట్టుకున్న తాడు

పైడితల్లికి విశ్వరహస్యం తెలిసిపోయింది. ఇక లోకానికి చెప్పడమే తరువాయి.

సాయంత్రం బెంగళూరు రైలు. ఎల్లుండి అక్కడ పేరుమోసిన శాస్త్రవేత్తల ముందు ఆమె మొట్టమొదటి ప్రసంగం. వెళ్లేముందు, విజయనగరంలో తనకి ఫిజిక్సు మీద ఇష్టం పుట్టించిన గున్నేశ్వరరావు మాస్టారి దీవెన తీసుకుందామని వచ్చింది. రిటైరయ్యాక మాస్టారు పేటలో ఆడవాళ్లకి జడకోలాటం నేర్పుతున్నారు. ఆమె వెళ్లేసరికి పెరట్లో దూలానికి ఎనిమిది రంగుల తాళ్లు వేలాడుతున్నాయి.

“ఏటమ్మా, ఏటి కనిపెట్టీసేవు?” అన్నారు మాస్టారు.

“అంతరిక్షం రబ్బరులా ఎందుకు సాగుతోందో పట్టేశాను మాస్టారూ! క్వాంటం ఎంటాంగిల్‌మెంట్! కణానికీ కణానికీ మధ్య ఉండే ఆ పెనవేతే చోటుని దగ్గరగా పట్టి ఉంచుతోంది. అది సడలేకొద్దీ చోటు సాగుతోంది.”

“రుజువైందా?”

“లెక్క కుదిరింది. ఎంత సడలితే అంత సాగింది. ఇదే కారణమని చెప్పేస్తాను.”

మాస్టారు వేలాడుతున్న తాళ్ల వైపు చూశారు.

“ఈ వేళ ఏడుగురే వచ్చేరు. ఆ పచ్చతాడు నువ్వు పట్టుకో” అన్నారు.

గురువుగారు తాడు పట్టుకోమంటే ఎంత సిద్ధాంతకర్త అయినా పట్టుకోవాల్సిందే. పైడితల్లి చెప్పులు విడిచి వరసలో నిలబడింది. మాస్టారు చేత్తో తాళం వేశారు. పాట మొదలైంది. ఒకరికి లోపలినుంచి, మరొకరికి బయటినుంచి తిరుగుతూ ఉంటే పైన తాళ్లు జడగా అల్లుకుంటున్నాయి. జడ కిందికి దిగేకొద్దీ చేతిలో తాడు తరిగిపోయి అందరూ దగ్గరికి వచ్చేశారు. చివరికి భుజాలు రాసుకున్నాయి. ఒకటే నవ్వులు.

“ఇప్పుడు ఇప్పండి” అన్నారు మాస్టారు.

వేసిన అడుగులన్నీ వెనక్కి వేయడం మొదలుపెట్టారు. జడ విడుతోంది. తాళ్లు పొడవవుతున్నాయి. మనిషికీ మనిషికీ మధ్య చోటు పెరుగుతోంది.

పైడితల్లి అలా తలెత్తి చూస్తూ ఆగిపోయింది.

“మాస్టారూ! పెనవేత సడలుతోంది, చోటు సాగుతోంది! అచ్చం నేను చెప్పిందే!” అని కేక వేసింది.

వెనకున్న అప్పలనరసమ్మ వచ్చి ఆమె వీపుకి గుద్దుకుంది. ఆ వెనకామె అప్పలనరసమ్మకి గుద్దుకుంది. ఆట మొత్తం నిలిచిపోయింది.

“ఓలమ్మో, మీదకేటి చూస్తన్నావే? కాలు కదుపు!” అంది అప్పలనరసమ్మ.

అందరూ పకపకా నవ్వారు. మాస్టారు మాత్రం పైకి చూపించారు. సగం విడిన జడ సగంలోనే ఉంది.

“జడ విడడం ఎందుకాగిపోనాదమ్మా?”

“నేను ఆగిపోయాను కదా మాస్టారూ.”

“అయితే జడ విడితే నువ్వు దూరం జరిగేవా? నువ్వు జరిగితే జడ విడిందా?”

పైడితల్లి జడ వైపు చూసింది, తన కాళ్ల వైపు చూసింది. రెండూ కలిసే జరిగాయి. లెక్కలో కూడా రెండూ కలిసే జరిగాయి. ఏది ముందో లెక్క ఎక్కడా చెప్పలేదు. మూడేళ్లుగా దానితోనే కూర్చుంది, ఒక్కసారైనా అడగలేదు.

ఏడుపు రావలసింది పోయి ఆమెకి నవ్వొచ్చింది. పచ్చతాడు పట్టుకునే, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఇంత సంతోషం లెక్క కుదిరిన రోజున కూడా లేదు.

“ఏది ముందు మాస్టారూ?”

“నాకేటి తెలుసు?”

నవ్వు ఆగాక పైడితల్లికి బెంగళూరు గుర్తొచ్చింది.

“అంతమంది పెద్దవాళ్ల ముందు నిలబడి, ఏది కారణమో ఇంకా తెలీదని చెప్పమంటారా?”

మాస్టారు మళ్లీ తాళం అందుకున్నారు.

“తెలిసిపోయుంటే అంత దూరం ఎళ్లడం దేనికమ్మా?”