పీట చప్పుడు

మా గురువు నాసరయ్యగారికి, ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ముందు ఒక పని పురమాయిస్తారు. నీళ్లు తోడుకు రమ్మంటారు, చాపలు దులపమంటారు, ఆవుకు గడ్డి వెయ్యమంటారు. పని పూర్తయ్యేసరికి ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడతారు. చాలామందికి మిగలదు. ఏకాంబరానికి మాత్రం ఎప్పుడూ మిగిలేది.

ఆ రోజు పొద్దున భజన అయ్యాక అందరం చాపల మీద కూర్చుని ఉండగా ఏకాంబరం లేచి, చేతులు కట్టుకుని అడిగాడు.

"అయ్యగారూ, శరీరం అడిగినదల్లా ఇచ్చుకుంటూ పోతే దానికి ఒక అంతు ఉంటుందా? ఇవాళ కాళ్లకు పీట అంటుంది. రేపు నడుముకు దిండు అంటుంది. ఇంక సాధన ఎక్కడ మిగులుతుంది?"

అడిగింది గురువుగారినే గాని, ఆ మాట తగలాల్సింది గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ మస్తానమ్మకు. ఆమె గడ్డానికి పట్టీ వేసి ఉంది. తలొంచుకుని నేల చూస్తోంది.

మా మఠం మార్కాపురం దాటాక పలకరాయి గనులకు పోయే దారిలో ఉంది. మఠమంటే గోపురాలేమీ లేవు. మా గురువుగారి గురువు పెద్దయ్యగారు కట్టించిన పెంకుటిల్లు, ఒక వంటశాల, తర్వాత వేసిన ఒక హాలు, అంతే. పెద్దయ్యగారు గతించి చాలా కాలమైంది. ఆయన చెప్పిన మాటలు క్యాసెట్లలో మిగిలాయి. వాటిని పుస్తకంగా వెయ్యాలని సంకల్పించి, ఆ పనికి మస్తానమ్మను పెట్టుకున్నారు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పెద్దయ్యగారి మాట ఒక్కొక్కటే విని కంప్యూటర్ మీద కొడుతుంది.

అంతకు ముందు ఆమె పలకల ఫ్యాక్టరీలో చేసేది. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి తేలాయి. ఆ పని మానకపోతే కాలు పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. పని దిగాక బస్సెక్కి టౌనుకు పోయి, నిద్ర ఆపుకుని, కంప్యూటర్ నేర్చుకుంది. కూర్చుని చేసే పని ఒకటి సంపాదించుకోవాలని ఆమె పడ్డ పాటు అది. ఆ పని దొరికింది. దొరికిన కుర్చీ మాత్రం ఎవరో భక్తుడు తన ఆఫీసులోంచి తెచ్చి ఇచ్చిన పెద్ద దొర కుర్చీ. కిందికి దిగదు. బల్ల కూడా దానికి తగిన ఎత్తే. మస్తానమ్మ పొట్టి మనిషి. కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. పొద్దస్తమానం గాల్లో వేలాడతాయి. కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుపోతుంది. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టవు.

వంటింటి పీట వేసి చూసింది, అందలేదు. బకెట్టు బోర్లించింది, మోకాళ్లు బల్లకు కొట్టుకున్నాయి. నూనె డబ్బా పెడితే అది జారి దొర్లి హాలంతా మోగింది. మఠం వ్యవహారాలన్నీ ఏకాంబరం చేతిలో ఉంటాయి. అతను వచ్చి ఆ డబ్బా ఎత్తి బయట పారేశాడు. ఎత్తు పెంచుకుని తగ్గించుకునే పీటలు బజార్లో ఉంటాయి సార్, ఒకటి తెప్పించండని మస్తానమ్మ అడిగింది.

"పెద్దయ్యగారి గొంతు వింటూ కాళ్లు చాపుకుని కూర్చుంటావా?" అన్నాడు ఏకాంబరం. "ఆయన జీవితమంతా పద్మాసనం విడవని మనిషి."

"ఆయనకు కింద చాపన్నా ఉంది గద సార్. నాకు గాలే ఉంది."

ఏకాంబరం నవ్వలేదు. వంట చేసే కోటమ్మవ్వ మాత్రం పడీపడీ నవ్వింది. "నిన్ను పీటల మీద కూర్చోబెట్టేవాడు ఇంకా రానే లేదు, అప్పుడే పీట మీద కాళ్లు పెడతానంటావేందే పిల్లా!"

నాకు ఒళ్లు మండేది ఇలాంటి చోటే. ఏకాంబరం చెడ్డవాడు కాదు. నిష్ఠ గలవాడు. కాని ఉద్యోగం చేసినన్నాళ్లూ తాలూకా ఆఫీసులో టేకుబల్ల ముందు కూర్చున్నాడు. ఆ బల్లల కింద కాళ్లు ఆన్చుకోవడానికి అడ్డచెక్క ఒకటి ఉంటుంది. ఆ చెక్క మీద పాలిష్ పోయి నున్నబడేదాకా కాళ్లు పెట్టుకున్న మనిషి, అది ఒక సుఖమని ఏనాడూ అనుకోలేదు. ఉన్నవాడి కాళ్ల కింద అది వట్టి చెక్క. లేనివాడు నోరు తెరిచి అడిగితే అదే సుఖం, అదే భోగం, అదే సాధనకు అడ్డు. గనుల్లో గొంతుక్కూర్చుని బండ చీల్చి బతికినవాళ్లను అడగండి, కాళ్లంటే ఏమిటో చెబుతారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ క్యాసెట్లలో పెద్దయ్యగారి మాటల మధ్య అక్కడక్కడ 'టక్' అని ఒక చప్పుడు వస్తుంది. ఆయన ఒక్క క్షణం ఆగుతారు. టక్ మంటుంది. ఒక నిట్టూర్పు విడిచి మళ్లీ మొదలుపెడతారు. దాన్ని ఏమని కొట్టమంటారు సార్ అని మస్తానమ్మ అడిగితే, ఏకాంబరం హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. అది బయటి చప్పుడు కాదన్నాడు. పెద్దయ్యగారి లోపలి నుంచి పుట్టిన నాదమన్నాడు. ఆ చోటల్లా 'ఇక్కడ నాదం' అని కొట్టించాడు. దాని మీద పుస్తకానికి పెద్ద పీఠిక కూడా రాసి ఒక పౌర్ణమి నాడు మాకందరికీ చదివి వినిపించాడు. వినేవాళ్లలో కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ.

ఇక ముందురోజు జరిగింది చెబుతాను. మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. మస్తానమ్మ కుర్చీ దిగింది. కాళ్లు తిమ్మిరెక్కి, పాదం నేల మీద పడ్డ సంగతే ఆమెకు తెలియలేదు. బోర్లా పడింది. కింద పలకరాయి. గడ్డం పగిలింది. డాక్టరు కుట్లు వేసి, పిక్కలు చూసి, పాదాలకు ఆనిక లేకుండా మళ్లీ ఆ కుర్చీ ఎక్కావంటే కాళ్ల మీద ఆశ వదులుకోమన్నాడు. అందుకని ఆ పొద్దున ఆమె సెలవు చెప్పి పోదామని వచ్చింది. పోతే మళ్లీ ఫ్యాక్టరీ గేటే. మళ్లీ నిలబడటమే. అది ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

ఏకాంబరం ప్రశ్న విని గురువుగారు ఎప్పటిలాగే పని చెప్పారు.

"పెద్దయ్యగారి పీట పట్టుకురా."

ఏకాంబరం ముఖం వెలిగింది.

పెద్దయ్యగారు పద్మాసనంలో ఉన్న ఫొటో పెట్టిన గద్దె ముందు ఉంటుంది ఆ పీట. పాదపీఠం అంటాం. రోజూ దానికి పసుపు పూస్తారు, గంధం రాస్తారు, కుంకుమ దిద్ది పూలు పెడతారు. పౌర్ణమికి పాలు పోస్తారు. నీళ్లతో మాత్రం కడగరు, కడిగితే పెద్దయ్యగారి పాదధూళి పోతుందని. ఆ పూతంతా పొర మీద పొర పేరుకుని, గోడకు గిలాబా కొట్టినట్టు గట్టిపడింది. లోపలి చెక్క ఏ రంగో చూసినవాళ్లు మాలో లేరు. స్నానం చేసి తడిబట్ట కట్టుకుని ఏకాంబరం ముట్టుకోవాల్సిందే తప్ప వేరే చెయ్యి పడకూడదు.

అతను స్నానం చేసి వచ్చి, తల మీద పట్టుగుడ్డ వేసుకుని, దాని మీద పీట పెట్టుకుని తెచ్చాడు. అందరం లేచి నిలబడ్డాం. ఆ పీటను చూపించి గురువుగారు వైరాగ్యం బోధిస్తారనుకున్నాం.

"ఆ కంప్యూటర్ బల్ల కింద పెట్టు," అన్నారు గురువుగారు.

ఏకాంబరం కదల్లేదు. గురువుగారే లేచి, అతని తల మీది పీటను రెండు చేతులా దించి, హాలు మూలకు నడిచి, బల్ల కింద నేల మీద పెట్టారు. తడిబట్ట లేదు. పట్టుగుడ్డ లేదు.

"మస్తానమ్మా, వచ్చి కూర్చో. దీని మీద కాళ్లు పెట్టు."

కోటమ్మవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరో వెనక నుంచి "గురుదేవా!" అని గట్టిగా ఏడ్చినంత పని చేశారు. నా మట్టుకు నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. నేను పూజలూ పటాలూ నమ్మే మనిషిని కాను. అయినా చల్లబడ్డాయి.

మస్తానమ్మ గోడకు ఇంకా దగ్గరగా జరిగింది. "నన్ను చంపెయ్యండయ్యా, నేను పెట్టను. నా కాళ్లు పడిపోతాయి."

"పెట్టకపోతే పడిపోతాయన్నాడు గదమ్మా డాక్టరు."

ఆయన మాట కాదనలేక వచ్చి కుర్చీ ఎక్కింది. కాళ్లు మాత్రం ముడుచుకుంది. అప్పుడు గురువుగారు కింద చతికిలబడ్డారు. ఆమె మడమలు రెండూ రెండు చేతుల్లోకి తీసుకుని పాదాలను ఆ పసుపు మీదికి, ఆ పూల మీదికి దించారు. మేము రోజూ ఎవరి కాళ్లకు మొక్కుతామో ఆ మనిషి ఆమె కాళ్లు పట్టుకున్నారు.

ఏకాంబరం భోరుమన్నాడు. "అయ్యగారూ, నా ప్రశ్నకు జవాబు లేకపోయినా ఫరవాలేదు. ఈ పాపం మాత్రం చెయ్యొద్దు. మీకు దణ్ణం పెడతాను."

గురువుగారు అతని వైపు చూడలేదు. "ఎట్లా ఉందమ్మా?" అని ఆమెను అడిగారు.

అంత భయంలోనూ మస్తానమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "ఇంకా అందటంలేదయ్యా. వేళ్లే ఆనుతున్నాయి."

"అయితే ఎత్తుదాం. కోటమ్మా, నీ అట్లకాడ ఇట్లా తే."

కోటమ్మవ్వ అట్లకాడ తెచ్చి ఇచ్చింది. గురువుగారు పీటను ఇవతలికి లాగి గీకడం మొదలుపెట్టారు. ఎన్నేళ్ల పసుపో, ఎన్నేళ్ల గంధమో, పెచ్చులు పెచ్చులుగా ఊడి పలకరాయి మీద రాలింది. ఒక్కో పెచ్చూ రాలినప్పుడల్లా ఎవరో ఒకరు అయ్యో అంటున్నారు. ఏకాంబరం మోకాళ్ల మీద కూలబడి ఆ పెచ్చులన్నీ ఏరి ఉత్తరీయంలో వేసుకుంటున్నాడు. అడుగున నల్లటి చెక్క బయటపడింది. చెక్క అంచున ఇత్తడి మడతబందులు రెండు మెరిశాయి. అది ఒక చెక్క కాదు, ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రెండు చెక్కలు. వెనక వైపు ఒక కర్ర. పడక్కుర్చీకి ఉన్నట్టు, ఆ కర్ర పట్టడానికి అడుగు చెక్కలో వరసగా గాట్లు.

గురువుగారు అట్లకాడ పిడితో రెండు దెబ్బలు కొట్టి, పై చెక్కను పట్టి లాగారు. అది కీచుమని లేచింది. కర్ర వెళ్లి గాటులో పడింది.

టక్.

మస్తానమ్మ కెవ్వుమంది. కుర్చీలోంచి సగం లేచింది. "అదే! అయ్యా, ఆ చప్పుడే! క్యాసెట్లో చప్పుడు అదేనయ్యా!"

పీఠిక విని కళ్లు తుడుచుకున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఏకాంబరం ఉత్తరీయం చెంగు జారి పెచ్చులన్నీ మళ్లీ నేల మీద పడ్డాయి.

"మీకు తెలుసా అయ్యగారూ?" అన్నాడు చివరికి.

"తెలుసు. ఆయన రాసుకునే బల్ల కింద దీన్ని రోజూ వేసింది నేనే. ఆ బల్ల మీదే టేపురికార్డరు పెట్టుకుని మాట్లాడేవారు. ఆయన ఈ పిల్లకంటే పొట్టి. కుర్చీ ఎత్తు. కాళ్లు పొంగేవి. వడ్రంగిని పిలిచి ఇట్లా చెయ్యమని గీసి చూపించారు. మాట మధ్యలో ఆగి గాటు మార్చుకునేవారు."

"మరి ఫొటోలో పద్మాసనం..."

"ఫొటో తీసినంతసేపు వేశారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదే!"

"పూలు పెట్టుకుంటున్నారు, పెట్టుకోనీలే అనుకున్నాను. పీట ఊరికే ఉంది గదా అని."

ఈ జవాబు నాకు మింగుడు పడలేదు. ఒక ఆడకూతురి గడ్డం పగిలి రక్తం కారేదాకా ఎందుకు ఊరుకోవాలి? గురువైతే మాత్రం? ఆ మాట ఆయన ముఖాన్నే అనేశాను. అందరూ నా వైపు తిరిగి గుడ్లురిమారు. గురువుగారు మాత్రం తలెత్తి చూసి, "తప్పే," అన్నారు. అని, మళ్లీ పీట మీదికి వంగారు.

కర్రను ఇంకో గాటులోకి మార్చారు. టక్ మంది. ఈసారి ఎవరూ ఉలిక్కిపడలేదు. పీటను బల్ల కిందికి జరిపారు. మస్తానమ్మ ఎవరూ పట్టుకోకుండానే తన కాళ్లు తానే పెట్టింది. మడమల దగ్గర నుంచి వేళ్ల దాకా పాదాలు రెండూ చెక్క మీద పరుచుకున్నాయి. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న భుజాలు ఆమెకు తెలియకుండానే కిందికి దిగాయి.

"అందిందయ్యా," అంది. అని, చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ హెడ్‌ఫోన్ అందుకుంది.

ఏకాంబరం చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయాడు. చేతులకు పసుపు అంటి ఉంది. వాటిని చూసుకుంటూ అడిగాడు.

"అయ్యగారూ, ఆ చప్పుడు వచ్చిన చోటల్లా నాదమని పెట్టించాను. ఇప్పుడు ఏమని రాయించమంటారు?"

గురువుగారు అట్లకాడను పంచెకొంగుతో తుడిచి కోటమ్మవ్వ చేతికి ఇచ్చారు.

"కాళ్లు నొప్పెట్టాయని రాయించు."