దండెం మీద నాలుగో చొక్కా

“ఒక్క అక్షరం ఎక్కువైతే ఏం చెయ్యాలి మాస్టారూ?” అని అడిగాడు దాలినాయుడు.

దాలినాయుడు మా ఊరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. సూది వెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు, గేదె తల తిప్పి చూసేలోపల పని అయిపోతుంది. చిన్న కవితల దగ్గర మాత్రం పాపం చెమటలు పడతాయి. మూడు పాదాలు, వరసగా ఐదు, ఏడు, ఐదు, వెరసి పదిహేడు అక్షరాలు. ఇంత చిన్నదానికి అంత బాధేమిటి అనుకుంటే మీరూ ఒకటి రాసి చూడండి, మీకే తెలుస్తుంది! మా కూర్మయ్య మాస్టారు ప్రతి ఆదివారం గ్రంథాలయంలో శిష్యుల చేత కవితలు చదివిస్తారు. ఎనిమిది నెలలైనా దాలినాయుడి వంతు రాలేదు. ఈసారైనా వస్తుందేమోనని అతని ఆశ.

మాస్టారికి ఒక పద్ధతి ఉంది. కవిత తెస్తే మంచిదనీ అనరు, చెడ్డదనీ అనరు. అది ఎవరింట్లో పుట్టిందో ముందు వాళ్లకి వినిపించమంటారు. ఇడ్లీ బండి మీద రాస్తే బండావిడకి, చెప్పుల కొట్టు మీద రాస్తే చెప్పులు కుట్టేవాడికి. కాకి మీద రాసినవాణ్ణి పిట్టగోడ దగ్గర అరగంట నిలబెట్టారు కూడాను. ఇంకొకటి, మాట నోట్లో ఎలా పలికితే అలాగే రాయాలి. అక్షరం కలిసొస్తుంది కదా అని ‘నాలుగు’ని ‘నాల్గు’ అని నొక్కేస్తే ఒప్పుకోరు.

“ఏం ఎక్కువైంది?” అన్నారు మాస్టారు.

“సర్దేశానండి, ఇప్పుడు సరిపోయింది” అని దాలినాయుడు కాగితం తీసి చదివాడు.

వాన తగ్గింది
మూడు చిన్న చొక్కాలు
దండెం ఊగింది

“పొద్దున్న ఎర్రాయమ్మ గేదెకి సూది వెయ్యడానికి వెళ్తే కనిపించాయండి. నిజానికి నాలుగు. నాలుగంటే పద్దెనిమిదైపోతోంది. అందుకని ఒకటి తీసేశాను.” చెబుతుంటే మొహం వెలిగిపోతోంది.

మాస్టారు చెప్పులేసుకున్నారు. “పద, వినిపిద్దాం.”

నేనూ వెనకాలే బయల్దేరాను. ఇలాంటివి చూడకపోతే నాకు అన్నం సయించదు.

ముసురు రోజులేమో, మధ్యాహ్నమైనా చొక్కాలింకా ఆరలేదు. ఎర్రాయమ్మకి ముగ్గురు మగపిల్లలు. చెల్లెలు పోతే ఆమె కూతురు నీలవేణిని కూడా తెచ్చుకుని పెంచుతోంది. ఐదేళ్లుంటాయి ఆ పిల్లకి. తొడుక్కునేవి అన్నల పాత చొక్కాలే.

“మా ఇంటి మీద కవితేటి కాంపౌండరు బావూ!” అని ఎర్రాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “సదువు, సదువు. గట్టిగా సదువు, మా గేదెక్కూడా ఇనబడాల.”

దాలినాయుడు గొంతు సవరించుకుని చదివాడు. “మావే! మావే!” అంటూ మగపిల్లలు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. నీలవేణి కొట్టలేదు. మెల్లగా దండెం దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద లేచి, చివరనున్న బుల్లి చొక్కాని కిందికి లాగింది. తడి చొక్కాని వీపు వెనక దాచుకుని నిలబడింది.

“అదేటే గుంటా, ఆరనే లేదు!”

“మూడేనంట కదా పెద్దమ్మా” అంది ఆ పిల్ల.

ఎర్రాయమ్మ నవ్వు ఆగిపోయింది. దాలినాయుడి వైపు తిరగను కూడా తిరగలేదు. చొక్కాని అందుకుని మళ్లీ పిండింది. దండెం మీదవాటిని అటు రెండు, ఇటు ఒకటి జరిపి మధ్యలో ఆరేసింది. “సదువుకున్నోలకి లెక్క రాదే అమ్మా, నువ్విలా రా” అని పిల్లని చంకనెత్తుకుంది.

దాలినాయుడు పెన్ను తీశాడు, కాగితం గేదె వీపు మీద పెట్టుకుని ‘మూడు’ కొట్టేసి ‘నాలుగు’ రాశాడు. నీలవేణి ముందు గొంతుక్కూర్చుని మళ్లీ చదివాడు, ఈసారి ఒక్క ఆ పిల్లకే. అది వేలు చూపిస్తూ దండెం మీదవన్నీ లెక్కపెట్టుకుంది. రెండుసార్లు లెక్కపెట్టాక, సరేలే అన్నట్టు తలూపింది.

తిరిగొస్తున్న దారంతా బురద.

“ఈ ఆదివారం కూడా పోయినట్టేనండి” అన్నాడు దాలినాయుడు.

“ఆదివారం మొదట చదివేది నువ్వే.”

“అదేంటి మాస్టారూ! లెక్క తప్పింది కదండీ?”

మాస్టారు పంచె ఎత్తిపట్టుకుని ఒక నీళ్ల గుంట దాటారు.

“పొద్దున్న తప్పింది” అన్నారు.