కుండరాయి మెట్టు

పూర్వం కళింగసీమలో, ఏటికి ఎగువనున్న శాంతగిరి గుహలో నిశ్చలముని అనే మహాతపస్వి పన్నెండేళ్లు ధ్యానంలో కూర్చున్నాడు. పాము ఒడిలో పడుకున్నా, ఎదుట పిడుగు పడినా ఆయన కనురెప్ప కదలలేదని ఆ దేశపు రాజుతో సహా అందరూ చేతులెత్తి మొక్కేవారు. అంతటి ధ్యానం మనిషి మనసును వెన్న చేస్తుందని అప్పటివారి నమ్మకం. వాళ్లననుకోవడం ఎందుకు, ముప్పై ఏళ్లుగా ఆ గుహకు అర్చకుణ్ణయిన నేనూ నమ్మాను.

ఆ తపస్సుకు ఒక నియమముండేది. ప్రతిదినం సూర్యోదయానికి ముందే ఏటినీటితో మునికి స్నానం జరగాలి. ఏట్లో ముంచిన కుండ గుహ చేరేదాకా నేల తాకకూడదు. ఒక్కనాడు తప్పినా చేసిన తపస్సంతా వ్యర్థమే. ఆ నీళ్లు మోసింది ఏటిగట్టున గుడిసెలో ఉండే నూకమ్మ అనే వితంతువు. మూడువందల మెట్లు, పన్నెండేళ్లు మోసింది. మౌనవ్రతుడైన ముని ఆమె ముఖం చూడలేదు, పేరు అడిగించనూ లేదు.

తపస్సు రేపు ముగుస్తుందనగా నూకమ్మ ఒక్కగానొక్క కూతురు పైడికి నొప్పులు మొదలై, సాయంకాలానికి కాన్పు కష్టమని తేలింది. నూకమ్మ కొండెక్కి గుహవాకిట చేతులు కట్టుకొని నిలబడింది.

"సామీ, నా బిడ్డ కష్టపడతంది. రేపొక్క పూటకి ఇంకెవులిసేతైనా నీళ్లు తెప్పించుకోండి. నన్నొగ్గీండి" అని వేడుకుంది.

ముని కళ్లు తెరవకుండానే ఏటివైపు వేలు చూపించాడు.

మర్నాటి వేకువన ఆమె కుండ నెత్తినెత్తుకొని వస్తుండగా గుడిసెలోంచి పైడి కేక వినబడింది. లోపలికి పరుగెత్తింది గాని, కుండ దించకూడదు గనుక వంగి కూతుర్ని పట్టుకోలేకపోయింది. పైడి తల్లి పాదాలు పట్టుకొనే ప్రాణం విడిచింది. నూకమ్మ అలాగే నీళ్లతో మెట్లెక్కింది. 

ఆమె చివరిమెట్టు చేరేసరికి పొద్దుపొడిచింది. రాజూ పరివారమూ చూస్తుండగా ముని కళ్లు తెరిచాడు. పన్నెండేళ్ల మౌనం తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఎవతెవే నువ్వు? నా తపస్సు మట్టిపాలు చేశావు" అని.

"నూకమ్మని సామీ. ఇన్నాళ్లూ నీళ్లు మోసిందాన్ని" అని ఆమె కుండను ఆ మెట్టుమీద దించింది. దించిన కుండ దించినట్టే రాయైపోయింది. ముని ఆగ్రహంతో దాన్ని తన్నగా కాలి బొటనవేలు విరిగింది. ఆమె వెనుదిరిగి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన కుంటుకుంటూ గుహలోకి పోయి, చెదిరిన మనశ్శాంతి కోసం మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ కళ్లు మరి తెరుచుకోలేదు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే శిలైపోయాడు. బొటనవేలు విరిగిన ఆ శిలకే నేను నిత్యం పసుపు రాస్తాను.

కుండరాయి నేటికీ చివరిమెట్టు నడుమనే ఉంది. ఏటా మార్గశిరంలో భక్తులు వచ్చి నలభై రోజులు గుహలో ధ్యానం చేస్తారు. అరమోడ్పు కళ్లతో బయటికొచ్చి, రాతికి కాలు తగలగానే పక్కనున్న నీళ్లు మోసే మనిషిని తిడతారు. ధ్యానం వృథా అని నేననను. మనసు నిలుస్తుంది, నాకూ నిలిచింది. అది నిలిచిన చోట ఇంకొకరికి చోటుండటమే నేను చూడలేదు.

మొన్న పూజ ముగించుకొని వస్తుంటే నాకే ఆ రాయి తగిలింది. నోటికొచ్చిందల్లా అనేశాను. నీళ్లు తెచ్చే ముసలామె నా కాలిమీద నీళ్లు పోసి, నెత్తురు కడిగింది. సిగ్గుపడి ఆమె పేరు అడిగాను.

"పోయినేడూ అడిగినారు పంతులుగారూ" అంది.