చక్రం వెనక నిమ్మకాయ

దాలినాయుడుగారి దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడమంటే ఆషామాషీ కాదు. ఎత్తు రోడ్డు మీద లారీ ఆపించి, వెనక చక్రానికి ఆనించి నిమ్మకాయ పెట్టేవారు. బ్రేకు ముట్టకుండా, సగం క్లచ్చు మీద బండిని నిలబెట్టి, కాయ చితక్కుండా ముందుకు కదిలించాలి. అప్పుడే ఆయన శిష్యుడని ఒప్పుకునేవారు. పాడేరు ఘాటీరోడ్డు మీద ఆ మాట చెప్పుకుని మీసం మెలేసిన డ్రైవర్లు చాలామంది ఉన్నారు.

మీసం లేని శిష్యురాలు గౌరీశ్వరి ఒక్కతే. చేపల సహకార సంఘంవాళ్లు ఆమెను నమ్మి కొత్త పికప్ బండి అప్పగించారు. దానికి క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. మొదటిరోజే ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపపిల్లల్ని ఎక్కించారు. ఎండ ముదిరేలోగా కొండమీది చెరువుకి చేర్చకపోతే ఒక్కటీ బతకదు, ఆమె ఉద్యోగమూ మిగలదు. మొదటిరోజని తోడొచ్చి పక్కన కూర్చున్న గురువుని ఆమె అడిగింది:

"గురువుగారూ, అంత కష్టపడి నేర్చుకున్న విద్యని ఈ బండిలో వదిలేసుకోవాలా? మీకది తలవంపులు కాదూ?"

"పోనీయమ్మా" అన్నారాయన, అంతే.

సగం ఘాటీలో దుంగల లారీ ఒకటి మొరాయించి, బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి చూస్తున్నారు. ఇక చూడాలి ఆమె పట్టుదల! బ్రేకు జోలికే పోలేదు. యాక్సిలరేటర్ కాస్త నొక్కి పట్టి, ఎత్తు మీద బండిని కదలకుండా నిలబెట్టింది. "శభాష్, దాలినాయుడి శిష్యురాలంటే ఇదీ!" అన్నారెవరో. ఆమె మొహం వెలిగిపోయింది. అంతలోనే మాడు వాసన కొట్టింది, గేరుబాక్సు వేడెక్కిందని ఎదురుగా ఎర్రలైటు వెలిగింది. ఇలాంటి బండిని అలా నిలబెడితే గేరుబాక్సులో నూనె ఉడికిపోతుంది. ఇంకాసేపుంటే బండి అక్కడే కూలబడేది.

"బ్రేకు తొక్కమ్మా."

"నవ్వుతారు గురువుగారూ! మీ పేరు పోతుంది."

"వెనక సంచుల్లో ఉన్నది నా పేరా, చేపపిల్లలా?"

గౌరీశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి. బ్రేకు తొక్కింది, హ్యాండ్‌బ్రేకు వేసింది, గేరు తీసేసి ఇంజన్ని ఊరికే తిరగనిచ్చింది. వెనకనుంచి నవ్వులు మొదలయ్యాయి. "ఏటి నాయుడూ, మీ శిష్యురాలు బ్రేకు మీద నిలబడిందేటి?" అని ఒకడు కేకేశాడు. దాలినాయుడుగారు కిటికీలోంచి తల బయటపెట్టి, లోయంతా వినబడేలా అరిచారు: "నా శిష్యురాలే! బాగా చూసుకోండి!"

కొంతసేపటికి ఎర్రలైటు ఆరింది, దారీ తెరుచుకుంది. ఆమె బండి చిన్న గేరు దాటకుండా మీట పెట్టి, తొందరపడకుండా, లైటు మీద ఓ కన్నేసి కొండెక్కించింది. చెరువు గట్టున సంచులు విప్పితే చేపపిల్లలు బిలబిలమంటూ నీళ్లలోకి జారిపోయాయి. సంఘంవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం గురువు వంకే చూస్తూ నిలబడింది.

దాలినాయుడుగారు జేబులోంచి నిమ్మకాయ తీశారు. ఏ శిష్యుణ్ణి పరీక్షించాలన్నా ఆయన జేబులో అదొకటి ఉండాల్సిందే. దాన్ని ఆమె చేతిలో పెట్టి అన్నారు:

"ఎండన పడి వచ్చావు. నీళ్లలో పిండుకుని తాగమ్మా."