కాడను ఆకు చేసిన తుమ్మచెట్టు

ఒకప్పుడు తుమ్మచెట్లన్నీ అచ్చం ఒకేలా ఉండేవి. అవే ముళ్లు, అవే ఈకల్లాంటి సన్నాకులు. ఏది ఏదో తెలియాలంటే చెట్టునే అడగాలి. అది చెప్పిందే నమ్మాలి.

మేకలు కాసుకునే కొంరవ్వ ఇంటి దగ్గరి గుట్టకింద అలాంటివి మూడు ఉండేవి. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, చిన్నతుమ్మ. నల్లతుమ్మ బెరడు కాచి పోస్తే మేకలకు పట్టే పారుడు, అదే విరేచనాల రోగం, కడుతుందని కొంరవ్వకు వాళ్లమ్మ చెప్పింది. ఆ అవసరం ఇంకా రాలేదు గానీ, వస్తే ఆదుకోవాలని, మేక ఈనినప్పుడల్లా కొంరవ్వ ముంతెడు ముర్రుపాలు తెచ్చి, "నల్లతుమ్మ ఎవరే?" అని అడిగేది.

"నేనే అవ్వా!" అని చిన్నతుమ్మ అందరికంటే ముందు అరిచేది. పాలు గటగటా తాగేసేది. పనికి పనికిరాదు గానీ పేరు మాత్రం కావాలి మహాతల్లికి! "పోనీలే, చిన్నది" అని నల్లతుమ్మ ఊరుకునేది.

ఓ ఏడాది తొలకరి పచ్చిగడ్డి తిని చుక్కి అనే మేకకు పారుడు పట్టుకుంది. మేసిందంతా నీళ్లలా పోతోంది. పాలు మరవని పిల్లలు రెండు పక్కనే అరుస్తున్నాయి. పొద్దెక్కేసరికి చుక్కి కాళ్లు ముడిచి పడిపోయింది. కొంరవ్వ కొడవలి పట్టుకుని, ఏడుస్తూ చిన్నతుమ్మ దగ్గరికి పరుగెత్తింది.

కొడవలి చూడగానే చిన్నతుమ్మ బెదిరిపోయింది. గబగబా ముళ్లు రాల్చేసింది. సన్నాకులూ రాల్చేసింది. మిగిలిన ఆకుకాడలను సాగదీసి, నొక్కి, వెడల్పు చేసి ఆకుల్లా నిలబెట్టింది. భయంలో అవి కూడా కొడవలిలాగే వంకరపోయాయి.

"నేను తుమ్మనే కాదవ్వా! నా ఆకు చూడు, మామిడాకులా లేదూ?"

కొంరవ్వకు ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది.

"ఓహో! పాలు తాగేటప్పుడు నల్లతుమ్మవు, బెరడు అడిగితే మామిడివా? మరి కాయ ఏదే, మామిడమ్మా? థూ! నా మేక పెంటికైనా చేనుకు ఎరువైతది. నువ్వెందుకే?"

అప్పుడు నల్లతుమ్మ నోరు విప్పింది. "నల్లతుమ్మను నేనవ్వా. బెరడు చెక్కుకో. ఇకమీదట నువ్వు వెతుక్కోకుండా నా ఆకులో ఈకల్లాంటి రెమ్మలు తగ్గించుకుంటా. చూడగానే పోల్చుకుంటావు."

"అయితే నేను పెంచుకుంటా," అంది తెల్లతుమ్మ. "పొరపాటున నన్ను చెక్కేవు!"

కషాయం మూడు పూటలు పోస్తే చుక్కి లేచి నిలబడింది. పిల్లలు పొదుగు కుమ్ముతూ పాలు తాగాయి. కొంరవ్వ ఈసారి ఏడ్చింది సంతోషంతో.

మరో మేక ఈనింది. ముర్రుపాల ముంత నేరుగా నల్లతుమ్మ మొదట్లోకి వెళ్లింది. చిన్నతుమ్మ గుటకలు మింగింది. పాత ఆకులు తెచ్చుకుందామని గింజుకుంది. ఎంత గింజుకున్నా సాగిన కాడ సాగినట్టే ఉంది.

"మామిడమ్మకు పాలెందుకే?" అంది కొంరవ్వ.

అదే సమయానికి చిన్నతుమ్మ కింద దాని గింజ ఒకటి మొలిచింది. పసిది, అబద్ధాలు ఇంకా నేర్వలేదు. ఈకల్లాంటి తుమ్మాకులతోనే తలెత్తి, "అమ్మా, మనం తుమ్మలమే కదా?" అని అందరికీ వినబడేలా అడిగింది. కొంరవ్వ పడీపడీ నవ్వింది.

అప్పటినుంచే నల్లతుమ్మ ఆకులో రెమ్మలు తక్కువ, తెల్లతుమ్మ ఆకులో ఎక్కువ. ఇప్పుడు మనం ఆస్ట్రేలియా తుమ్మ అంటున్న ఆ చిన్నతుమ్మకు అసలు ఆకే లేదు, వంకర కాడే దాని ఆకు. దాని మొలకలు మాత్రం నేటికీ తుమ్మాకులతోనే పుట్టి తల్లి గుట్టు బయటపెడతాయి. కాడ సాగదీయడం ఆ తరవాతే నేర్చుకుంటాయి.