నూకరాజు చెయ్యని ఫోను

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా నోట్లో పళ్లన్నీ రాలిపోవాలి. ఎలాగూ మిగిలినవి రెండేగా అని నవ్వకు. ఆ రెంటితోనే జంతికలు నములుతున్నాను.

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే నూకరాజు ఒక్కడికే భూమ్మీదున్న మొహమాటమంతా ఉండేది. ఎవరైనా తన కాలు తొక్కితే, "మీ పాదానికి దెబ్బ తగల్లేదు కదండీ?" అని అడిగేవాడు. ఒకసారి దిగాల్సిన ఊరొచ్చినా బస్సు ఆపమని చెప్పలేక ఒరిస్సా దాకా వెళ్లిపోయాడు. ఆ మొహమాటంతో నష్టపోయేది తనొక్కడే కాబట్టి ఊరు నవ్వి ఊరుకునేది. భార్య వరహాలు మాత్రం నెత్తి బాదుకునేది.

అలాంటివాడి కూతురు లాస్యకు ఎనిమిదో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. మందులకు లొంగినట్టే లొంగి మళ్లీ తిరగబెట్టింది. దాంతో విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టర్ మెహరున్నీసా పిల్లకు ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టింది.

"మన ఒంట్లోనే కాపలావాళ్లు ఉంటారమ్మా," అంది ఆవిడ లాస్యతో. "ఈ క్యాన్సర్ కణాలేమో చుట్టాల వేషం కట్టి వాళ్ల ముందే తిరుగుతున్నాయి. ఈ మందు ఒక చేత్తో కాపలావాడి చొక్కా, ఇంకో చేత్తో దొంగ జుట్టు పట్టుకుని ఎదురెదురుగా నిలబెడుతుంది."

"ఇన్నాళ్లూ పక్కనే ఉండి గుర్తుపట్టలేదా? వాళ్లేం కాపలావాళ్లండీ!" అని విసుక్కుంది లాస్య.

మందూ, దాన్ని పంపే చిన్న మిషనూ ఒక సంచిలో పెట్టి పిల్ల వీపుకు తగిలించారు. సన్నటి గొట్టంలోంచి పగలూ రాత్రీ మందు ఎక్కుతూనే ఉండేది. మొదటి రోజులు వార్డులో గడిచాక, ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉండమన్నారు. పంపేముందు డాక్టరు నూకరాజును పిలిచింది.

"కాపలావాళ్లకు ఆవేశం ఎక్కువైతే దొంగతోపాటు ఇల్లు కూడా చితక్కొడతారు. ఒళ్లు వేడెక్కినా, మాట తడబడినా, చేతులు వణికినా వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. ఏ వేళైనా సరే!"

"అలాగేనండీ, అలాగేనండీ," అన్నాడు నూకరాజు. ఆవిడ నాలుగో అంతస్తు ఎక్కేసినా ఇంకా అంటూనే ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వరహాలు కూరగాయలకు వెళ్లింది. లాస్య ఒళ్లు కాలిపోసాగింది. నుదుటి మీద అప్పడం పెడితే వేగిపోయేది.

"నాన్నా, డాక్టరుగారికి చెప్పవా?"

నూకరాజు ఫోన్ తీశాడు. మళ్లీ పెట్టేశాడు. "ఆదివారం కదమ్మా. పాపం, ఇప్పుడే అన్నానికి కూర్చుని ఉంటారు."

కాసేపాగి మళ్లీ తీశాడు. తిన్నాక ఎవరైనా నడుం వాలుస్తారు కదా! పెట్టేశాడు. మూడోసారి తీశాడు. లేచి టీ తాగుతుంటారేమో, చల్లారిపోతే ఏం బావుంటుంది? మళ్లీ పెట్టేశాడు. పిల్ల నుదురు తాకి చూశాడు. వేలు మాత్రం ఫోన్ మీద ఆనడం లేదు.

"నాన్నా, నీ... నీ..." అంది లాస్య. నీళ్లు అనే మాట నోటికి రాలేదు. అందించిన గ్లాసు వణికే చేతుల్లోంచి జారిపోయింది.

అప్పుడే వరహాలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సంచి వదిలేసింది. వంకాయలన్నీ మెట్ల మీదుగా వీధిలోకి దొర్లాయి.

"ఎప్పట్నుంచయ్యా ఈ జ్వరం?"

"ఇందాకట్నుంచే... ఆవిడ భోజనం..."

"ఆవిడ అన్నం చల్లారిపోతుందని నా పిల్లని కాల్చేస్తున్నావా!" అని వరహాలు ఫోన్ లాక్కుంది. ఒక్క రింగుకే డాక్టరు ఎత్తింది. ఒక్క మాటే అంది. "తీసుకురండి!"

మందు ఆపేశారు. పిల్లను ఐసీయూలో పెట్టారు. "ముందే చెప్పుంటే ఇంత దాకా వచ్చేది కాదు," అని డాక్టరు మండిపడింది. "నా భోజనం సంగతి నేను చూసుకుంటాను. మీ పిల్ల సంగతి మీరు చూడండి!"

నూకరాజు అద్దాల తలుపు దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. ఎవరో పెద్దాయన వచ్చి, "కాస్త అటు జరుగుతారా బాబూ?" అన్నాడు. ఆ కుర్చీలోంచే లాస్య మంచం కనబడుతోంది.

"జరగనండీ," అన్నాడు నూకరాజు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

నాలుగో నాటికి లాస్య తేరుకుంది. తండ్రిని ఎగాదిగా చూసి, "నేనెక్కువా, డాక్టరుగారి టీ ఎక్కువా?" అంది. ఆ రోజు నూకరాజు కార్చిన కన్నీళ్లతో అనకాపల్లి చెరకు తోటలన్నీ ఒక పంట పండేవి.

మందు మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. ఇక చూడు, పిల్ల తుమ్మినా ఫోనే! "జ్వరమొస్తే చెయ్యమన్నానయ్యా, తుమ్మితే కాదు!" అని డాక్టరు జుట్టు పీక్కునేది. అయినా చేసేవాడు. చివరికి పరీక్షలో దొంగ జాడ కనబడలేదని ఆవిడే ఫోన్ చేసింది. ఇంకొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలని కూడా చెప్పింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు పడే మొహమాటం మర్యాద కాదు, ద్రోహం. అడగాల్సినవాళ్లను అడగాల్సిన వేళకు అడిగి తీరాలి. ఇదీ నీతి.

విన్నావుగా, ఇక లేచి చెప్పులేసుకో. వెనకింటివాళ్లు మోటారు కట్టెయ్యడం మరిచిపోయారు, ట్యాంకు పొంగి నీళ్లన్నీ వీధిపాలవుతున్నాయి. వెళ్లి తలుపు కొట్టు. గట్టిగా!