గానుగ కుక్కకి సంబంధాలు

అనగనగనగా... ఉండండర్రా, ముందు ఆ దుప్పటి సరిగ్గా పంచుకోండి. ఒరే కాశీ, నువ్వొక్కడివే లాక్కుంటే చెల్లెలు చలికి వణకదూ? ఆఁ, అలాగ. ఇప్పుడు చెప్తాను. అనగనగా ఒక ఊళ్ళో మాణిక్యం అని ఒక కొత్త కోడలు ఉండేదిట. ఎదురు మాట్లాడే పిల్ల కాదు. అలాగని ఊరుకునే పిల్లా కాదు.

ఆ పిల్ల అత్తగారు బుల్లెమ్మ. బుల్లెమ్మంటే నోరు, నోరంటే బుల్లెమ్మ. పొద్దున్నే కోడి కూసేలోపలే మొదలుపెట్టేదిట. తన పెళ్ళిలో పప్పులో ఉప్పు తగ్గిన సంగతి దగ్గర్నించి పక్కింటావిడ తిరిగివ్వని జల్లెడ దాకా అన్నీ చెప్పేది. వినేవాళ్ళేరీ? కొడుకు సూరన్న, అమ్మ నోరు తెరిచిందంటే పొలానికి పోయేవాడు. మొగుడు పాపయ్యకి చెవుడు. నిజం చెవుడనుకునేరు! బుల్లెమ్మ చెవుడు. వీధి చివర గారెలు వేగితే ఆ చెవులకే చక్కగా వినబడేది. ఇంక కోడలంటారా, పాపం చేతినిండా పని. "ఆఁ అత్తయ్యా, అవునత్తయ్యా" అంటూ కవ్వం తిప్పుకునేది.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. ఊ కొట్టకపోతే కథ అలిగి కూర్చుంటుంది.

ఆ ఊళ్ళో ఓ రాజుగారున్నారు. చిన్న రాజు, చిన్న కోట. మాణిక్యం రోజూ ఆ కోటకి మజ్జిగ పట్టుకెళ్ళేది. కోట వెనకాల పాత ధాన్యం కొట్టు ఒకటుంది. అందులో ధాన్యాన్ని ఎప్పుడో కొత్త కొట్లోకి మార్చేశారు. ధాన్యంతో పాటు కాపలా భటులూ వెళ్ళిపోయారు. కాపలాకి కట్టేసిన కుక్కని విప్పడం మాత్రం ఎవరికీ గుర్తు లేదు. పాపం అది ఏళ్ళ తరబడి ఖాళీ కొట్టుకి కాపలా కాస్తూ కూర్చుంది! వంటవాడికి గుర్తొస్తే ఇంత గంజి, గుర్తు రాకపోతే అదీ లేదు. గుంజ చుట్టూ తిరిగి తిరిగి నేల మీద గుండ్రంగా కాలవ పడిపోయింది. తాడు ఒరుసుకుపోయి మెడంతా పుండు. ఒళ్ళు చూస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు.

ఒకరోజు మాణిక్యం అటుగా పోతూ దాన్ని చూసి మజ్జిగ కుండ కింద పెట్టేసింది. కుక్కెవరిదని కోట గుమ్మం దగ్గరి భటుణ్ణి అడిగింది. నాదంటే, ఇలా ఎండబెట్టావేమిరా అని తిడతారేమోనని వాడి భయం. నాది కాదమ్మా, దళవాయిగారిదన్నాడు. దళవాయిని అడిగితే నాది కాదు, మంత్రిగారిదన్నాడు. మంత్రినడిగితే నాది కాదు, రాజుగారిదన్నాడు. చివరికి రాజుగారి దగ్గరకే వెళ్ళి అడిగింది. రాజుగారు మీసం దువ్వుకుని, "మా కుక్కే అయితే ఇంత బక్కగా ఎందుకుంటుంది? రాజ్యం పరువేం కావాలి? మాది కానే కాదు!" అన్నాడు.

మాణిక్యం చేతులు జోడించింది. "అయితే ఎవరిదీ కాదన్నమాట. ఎవరూ వద్దన్నదాన్ని కావాలన్నవాళ్ళు తీసుకెళ్ళొచ్చు కదా, మహాప్రభో?"

రాజుగారు మంత్రి వైపు చూశాడు, మంత్రి దళవాయి వైపు చూశాడు, దళవాయి భటుడి వైపు చూశాడు. నాదేనని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. తీసుకుపొమ్మన్నారు.

తీరా తాడు విప్పితే కుక్క కదలదే! గుంజ చుట్టూ ఇటునించి అటు, అటునించి ఇటు తిరుగుతోంది. తాడు లేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది? పిలిచింది, బుజ్జగించింది, లాభం లేక చంకనెత్తుకుని ఇంటికి తెచ్చింది.

గుమ్మంలోనే బుల్లెమ్మ. "మజ్జిగ పట్టుకెళ్ళి కుక్కని తెచ్చావా! రేపు పెరుగు పట్టుకెళ్తే ఏనుగుని తెస్తావా?"

కాదత్తయ్యా, ఆడపిల్లలాంటిది, నాలుగు మెతుకులు పెట్టి తేరాక మంచి సంబంధం చూసి పంపించేద్దామంది మాణిక్యం. అమ్మవారి జాతర లోపల అది గడప దాటాలి, లేకపోతే దానితో పాటు నువ్వూ పుట్టింటికే అని బుల్లెమ్మ తెగేసి చెప్పింది. వినబడనట్టు పాపయ్య ఆకాశం చూశాడు. సూరన్న పొలానికి వెళ్ళాడు.

ఆ కుక్క సంగతేం చెప్పను! అరవదు, కరవదు, పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. గాదె కింద దూరి కూర్చుంది. చీపురు ఎత్తితే చాలు, ఒళ్ళంతా ముడుచుకునేది. మనుషులు చూస్తుంటే ముద్ద ముట్టేది కాదు. అందుకని మాణిక్యం పళ్ళెం అక్కడ పెట్టి, దానికి వీపు పెట్టి కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుచుకునేది. వెనకాల చప్ చప్‌మని చప్పుడైతే మనసులో నవ్వుకునేది. మెడ పుండుకి పసుపు, వేపనూనె రాసేది. మొదట్లో గుర్రుమంది. తరవాత మూలిగింది. తరవాత కళ్ళు మూసుకుని మెడ చాపింది.

అన్నీ కుదురుకున్నా ఆ తిరుగుడు మాత్రం పోలేదు. పెరట్లో వదిలితే గుండ్రంగా తిరగడమే. రెండు బారల దూరం వెళ్ళేసరికి ఎవరో లాగినట్టు టక్కున ఆగిపోయేది. ఊరంతా నవ్వి దానికి గానుగ కుక్క అని పేరెట్టారు.

వాసంతీ, నవ్వుతున్నావా? నవ్వులే. ఇంకా ఉంది.

మొదటి సంబంధం కొట్టు వీరేశానిది. రాత్రిపూట కాపలాకి కావాలని తీసుకెళ్ళాడు. తెల్లారి చూస్తే కుక్క లేదు. బస్తాలు తీసి, డబ్బాలు దించి, కొట్టంతా తిరగేస్తే చింతపండు బుట్ట వెనకాల దాక్కుని ఉంది. దొంగల్ని పట్టేదాన్ని నేనే పట్టుకోవాల్సొచ్చిందమ్మా అని వీరేశం తెచ్చి అప్పజెప్పాడు.

"వచ్చావూ? రా. తిండి దండగ!" అంది బుల్లెమ్మ.

రెండో సంబంధం కుమ్మరి పోతరాజుది. వాకిట్లో ఆరబెట్టిన కుండల దగ్గర కాపలాగా పడుంటుందిలే అని తీసుకెళ్ళాడు. ఇక్కడ సారె తిరుగుతోంది, అక్కడ కుక్క తిరుగుతోంది. సారె వంక చూడాలా, కుక్క వంక చూడాలా? మధ్యాహ్నానికి పోతరాజుకి కళ్ళు తిరిగాయి. సాయంత్రానికి కుండలన్నీ వంకర. ఒక కుండకైతే మూతి పక్కకొచ్చిందిట!

"వచ్చావూ? రా. గంజి చల్లారిపోతోంది!" అంది బుల్లెమ్మ. గంజి ఎవరికోసం తీసిపెట్టిందో ఎవరూ అడగలేదు.

మూడో సంబంధం గొర్రెల కాపరి మల్లన్నది. గొర్రెల సంగతి మీకు తెలుసుగా, ముందున్నది ఎటు పోతే వెనకున్నదీ అటే. కుక్క గుండ్రంగా తిరిగింది. దాని వెనకాల ఒక గొర్రె తిరిగింది. గొర్రె వెనకాల గొర్రె, గొర్రె వెనకాల గొర్రె, గొర్రె వెనకాల పొట్టేలు, పొట్టేలు వెనకాల మల్లన్న! పొద్దుగూకేవేళకి మందంతా ఒకటే గానుగ. మేత లేదు, నీళ్ళు లేవు. మల్లన్న కుక్కని భుజానేసుకొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"వచ్చావూ? ఇంతసేపా?" అంది బుల్లెమ్మ.

ఇంక ఊళ్ళో అడగని ఇల్లు లేదు. అవతల జాతర దగ్గరికొచ్చేసింది. అరవనిది, కరవనిది, కాయనిది, తోలనిది మాకెందుకని అందరూ తలుపులేసుకున్నారు. దీన్ని మళ్ళీ ఎవరైనా గుంజకి కట్టేస్తారేమోనని మాణిక్యానికి గుండెల్లో గుబులు. పొరుగూళ్ళో నాగలింగమని ఒక నేతపనివాడు, ఆయన భార్య, మంచివాళ్ళని విని కబురు పంపింది.

ఆ మర్నాడు మాణిక్యం కాలవలో బట్టలుతుక్కుని వచ్చేసరికి పెరట్లోంచి మాటలు. ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరే! గోడ పక్కనుంచి తొంగి చూసింది. బుల్లెమ్మ చేటలో బియ్యం ఏరుతూ చెప్పుకుపోతోంది. ఎదురుగా కుక్క ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది.

"అప్పుడు మా ఆడపడుచు ఏమందనుకున్నావ్?"

కుక్క చెవులు నిక్కబొడిచింది.

"ఆఁ! నువ్వూ ఆశ్చర్యపోయావు కదూ? నేనూ అలాగే అయిపోయాను!"

ఎండ మీదకొచ్చింది. బుల్లెమ్మ కథ ఆపకుండానే చేట పట్టుకుని వెళ్ళి అవతల బాదంచెట్టు నీడన కూర్చుంది. కుక్క లేచింది. ఒక బార నడిచింది, రెండు బారలు నడిచింది, అక్కడ ఆగింది. మాణిక్యం ఊపిరి బిగబట్టింది. అవతల్నించి "ఇంతలో మా అత్తగారు లోపలికొచ్చింది చూడూ..." అన్న మాట వినబడింది. అంతే! కుక్క ఆ ఆగినచోటు దాటి, గీత గీసినట్టు తిన్నగా నడిచివెళ్ళి బుల్లెమ్మ కాళ్ళ దగ్గర చతికిలబడింది.

బుల్లెమ్మ అది గమనించనే లేదు, కథలో ఉంది. మాణిక్యానికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుక్క కోసం కొన్ని. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించి తాను ఒక్కసారైనా చేతిలో పని ఆపి "తరవాతేమైందత్తయ్యా?" అని అడగలేదే అని ఇంకొన్ని.

జాతర ముందు రోజు నాగలింగం, ఆయన భార్య వచ్చారు. చూస్తే దేవుడి లాంటి మనుషులు. కుక్క కూడా వాళ్ళ చేతులు వాసన చూసి తోకాడించింది. మాణిక్యం సంతోషించాలి కదా, కుక్కని వాళ్ళ చేతికివ్వడానికి మనసొప్పలేదు. మంచినీళ్ళిచ్చి నిలబడింది.

బుల్లెమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుంది. అచ్చం పెళ్ళివారిని అడిగినట్టే మొదలుపెట్టింది.

"ఇంట్లో ఎంతమంది?"

"మేమిద్దరమేనమ్మా."

"ఇద్దరేనా! దానికేం తోస్తుంది?"

"కూతురూ అల్లుడూ, వాళ్ళ పిల్లలూ పక్కింట్లోనే ఉంటారు."

"అమ్మో, అంతమందా! తోక తొక్కేస్తారు. ఏం పెడతారు?"

"పాలన్నమమ్మా."

"అరగద్దూ?"

"పోనీ, పెరుగన్నం పెడతాం."

"జలుబు చెయ్యదూ?"

ఏం చెప్పినా వంకే. నాగలింగం భార్య ఓపికగా నవ్వి, మా ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంటుందమ్మా, మగ్గం చప్పుడు తప్ప మాటా పలుకూ ఉండదంది.

అంతే! బుల్లెమ్మ పీట మీంచి లేచింది. "మాటలుండవా? మాటలు లేని ఇంటికా! మా లచ్చిని మాటలు లేని ఇంటికి ఇస్తానా! మా ఆడపడుచు కథ సగంలో ఉంది. మిగతా సగం మీ మగ్గం చెప్తుందా?"

అందరూ నోరు తెరిచారు. "లచ్చి ఎవరే?" అన్నాడు పాపయ్య అరుగు మీంచి.

"అదిగో! నీకు వినబడుతోందన్నమాట!" అని బుల్లెమ్మ ఇటు తిరిగింది. పాపయ్య నాలిక కరుచుకున్నాడు. ఆ రోజుతో ఆయన చెవుడు వదిలిపోయింది.

ఈ గోలలో కుక్క లేచి, తిన్నగా నడిచివెళ్ళి, బుల్లెమ్మ చీరకుచ్చిళ్ళ మీద బైఠాయించింది.

మాణిక్యం నవ్వు ఆపుకుని, మొహం వేలాడేసుకుని అడిగింది. "అయితే అత్తయ్యా, జాతర రేపేగా. నేను బట్టలు సర్దుకోనా?"

"వెళ్తే వెళ్ళు! కుక్కని మాత్రం వదిలి వెళ్ళు" అంది బుల్లెమ్మ. అని, కోడలి మొహం చూసి ఫక్కున నవ్వేసింది. "నువ్వెళ్తే దీని మెడకి నూనె ఎవరు రాస్తారే? కూర్చో!"

వచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపిందా? లేదు. వాళ్ళకి భోజనం పెట్టి, తానే వెంటబెట్టుకెళ్ళి, వడ్రంగింట్లో పుట్టిన కూనల్లో ఒకదాన్ని ఎంచి ఒళ్ళో పెట్టింది. దారంతా మాట్లాడుతూనే ఉంది. పాపం, ఆ మాటలెరగని మొగుడూ పెళ్ళాలకి జీవితానికి సరిపడా కబుర్లు దొరికాయి.

ఆ తరవాత మధ్యాహ్నాలు బాదంచెట్టు కింద ముగ్గురు కూర్చునేవారుట. ఒకరు చెప్తారు. ఒకరు చేతిలో పని ఆపి "తరవాతేమైందత్తయ్యా?" అంటారు. ఒకరు చెవులు నిక్కబొడుస్తారు.

అందుకని పిల్లలూ, ఇంటికెవరైనా కొత్తగా వస్తే నీకేం పని వచ్చని అడక్కండి. ముందు కాస్త చోటివ్వండి, కాస్త గంజి పొయ్యండి, ఓపిక పట్టండి. పని ఉంటే చేస్తారు, లేకపోతే ఊ కొడతారు. అదీ పనే.

కాశీ... వాసంతీ... ఊ లేదేమర్రా? అయిపోయింది! కథ నడుచుకుంటూ కంచికి పోయింది, మనం ఇంట్లోనే ఉన్నాం, ఇంక నిద్రలోకి పోదాం.